మొక్కులాయన

మొన్న అవనిగడ్డలో ఒక పెళ్ళికి వెళ్ళి, తిరుగు పడవకు ఇంకా వేళ ఉందని మోపిదేవి గుడిలో కాసేపు కూర్చున్నాను. భక్తితో కాదు, నీడ కోసం. విభూతి పెట్టబోతూ పూజారిగారు ఏ ఊరని అడిగారు. బెజవాడ అన్నాను. పళ్ళెం అలాగే పట్టుకుని నన్ను పైనుంచి కిందదాకా చూశారు.

"మీ ఊళ్ళో ఒకాయన ఉండాలండీ. సన్నగా ఉంటారు, మెడ కాస్త ముందుకు వంచి నడుస్తారు. ఏటా భార్యను వెంటబెట్టుకుని వచ్చి మొక్కు తీర్చుకునేవారు. ఏం మొక్కండీ అంటే, అదే కనుక్కోవాలండీ, మీకేమన్నా తెలుసా అని నన్నే అడిగేవారు. ఈ ఏడు రాలేదేంటి?"

పోయిన కార్తీకంలో పోయారని చెప్పాను. పూజారిగారు పళ్ళెం కింద పెట్టారు. తరవాత, "ఇంతకీ ఆ మొక్కేంటో తెలిసిందాండీ?" అన్నారు.

ఒక మనిషి పోయాడంటే జబ్బేమిటి, వయసెంత, పిల్లలెందరు అని అడిగేవాళ్ళనే ఇన్నాళ్ళూ చూశాను. ఇలా అడిగినవాడు ఈయనొక్కడే. నాకు చాలా నచ్చాడు. చెప్పడం మొదలుపెట్టాను, పడవ వెళ్ళిపోయింది. ఆయనకు చెప్పినప్పుడు అలవాటు కొద్దీ కాస్త పెంచి చెప్పాను. ఇక్కడ చేతనైనంత తగ్గించి రాస్తున్నాను. ఎక్కడైనా పెరిగినట్టు కనిపిస్తే అక్కడే ఒప్పుకుంటాను.

బెజవాడ పాతబస్తీలో మా ఇంటికి ఎదురిల్లు ఆయనది. బట్టల వ్యాపారం. మంగళగిరిలోనూ పెడనలోనూ నేతగాళ్ళ దగ్గర చీరలూ పంచెలూ తెచ్చి బస్తీలో అమ్మేవాడు. నేను అదే వీధి చివర నూలు, రంగుల కొట్లో గుమాస్తాని. వరసలేమీ లేకపోయినా ఆయన నన్ను బావగారూ అనేవాడు. అందువల్ల ఆవిడ నన్ను అన్నయ్యగారూ అనేది. ఆ రెండు పిలుపుల మీదే మా రెండిళ్ళ మధ్య పప్పూ ఉప్పూ తిరుగుతుండేవి.

బట్ట నాణ్యం అందరూ వేళ్ళతో చూస్తారు. ఆయన మడత విప్పి, బుగ్గకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని చూసేవాడు. ఆ కళ్ళు తెరుచుకునేదాకా నేతగాడు ఊపిరి బిగబట్టి నిలబడాల్సిందే. ఒకసారి అలా ఆనించుకున్నవాడు అలాగే నిద్రపోయాడనీ, నేతగాడు పక్కింట్లో భోంచేసి వచ్చేసరికి ఇంకా లేవలేదనీ నేను వీధిలో చెప్పి చాలామందిని నవ్వించాను. నిద్ర నేను కలిపింది. బుగ్గ నిజం.

ఇంకో అలవాటు, ఏ సంగతి విన్నా "కనుక్కోవాలండీ" అనడం. యుద్ధం రోజుల్లో గన్నవరం పక్క మైదానంలో విమానాలు దిగుతున్నాయంటే జనం బండ్లు కట్టుకుని చూడబోయేవారు. అందరూ దాని చప్పుడు గురించి, పెద్ద రెక్కల గురించి చెప్పుకుంటుంటే ఈయన, "కొన్నిటికి రెక్కల మీద బట్టే కప్పుతారటండీ. ఏ ఊరి నేతో కనుక్కోవాలి" అన్నాడు. అంతటితో ఊరుకోక, ఒక ఎండాకాలం మధ్యాహ్నం నన్ను వెంటేసుకుని అక్కడిదాకా పోయాడు. కాపలావాడు కర్ర చూపిస్తే దూరం నుంచే రెండు కళ్ళూ చికిలించి చూసి, "మన పెడన వాళ్ళు అంతకన్నా చిక్కగా నేస్తారు" అని తేల్చి ఇంటికి వచ్చాడు.

ఇలా ఊరందరి సంగతులూ కనుక్కునే మనిషికి తన ఇంట్లో ఒక్క సంగతి అంతుపట్టలేదు. అందువల్లే మొక్కులాయన అయ్యాడు.

అది జరిగింది బాంబులు పడతాయని సగం బస్తీ పల్లెలకు పోయిన వేసవిలో. ఏ వీధి చూసినా తాళాలే. వాళ్ళ పిల్లల్ని కూడా అమ్మమ్మగారి ఊరు ఉయ్యూరు పంపించారు. సరిగ్గా అప్పుడే ఆయన మంచాన పడ్డాడు. డాక్టరుగారు టైఫాయిడ్ అన్నారు. దానికి అప్పట్లో సరైన మందు లేదు. డాక్టరుగారు ఉన్నమాటే చెప్పారు. నేను చెయ్యగలిగింది కొంచెమే, మనిషిని నిలబెట్టాల్సింది మీరే, బార్లీ నీళ్ళూ బత్తాయి రసమూ తప్ప ఏమీ ఇవ్వొద్దు, తలకు ఐసు మానొద్దు, అన్నారు.

ఇంట్లో మిగిలింది ముగ్గురు. మంచం మీద ఆయన, ఆయన తల్లి ముసలమ్మగారు, ఆయన భార్య. ఆవిడ అంతకుముందు తోడు లేకుండా మా వీధి మలుపు దాటి ఎరగదు. అలాంటి మనిషి రోజూ ఐసు ఫ్యాక్టరీకి నడిచిపోయి, ఊక వేసిన గోనెసంచిలో దిమ్మను చుట్టి, చంకన బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తెచ్చేది. ఆ ఏడాది బెజవాడ ఎండ మీకు తెలుసుగా. ఇల్లు చేరేసరికి దిమ్మ నిమ్మకాయంత మిగిలేది. కాదు, కొబ్బరికాయంత. నడుం దగ్గర చీర మాత్రం పూర్తిగా తడిసిపోయేది. నేను తెచ్చిపెడతానమ్మా అంటే, "మీరైతే దారిలో నలుగురితో మాట్లాడతారు అన్నయ్యగారూ, ఐసు ఆగదు" అంది. నిజమే.

మనిషి ఎంత చిక్కిపోయాడంటే, కిటికీ తెరిస్తే గాలికి లేచిపోతాడని దుప్పటి నాలుగు చెంగుల మీదా తూనికరాళ్ళు పెట్టారు. రాళ్ళు నేను పెట్టినవే, మాటల్లో. జుట్టు మాత్రం నిజంగానే ఊడిపోయింది. ఆవిడ పగలూ రాత్రీ ఆ మంచం పట్టెకు ఆనుకుని కూర్చుని, గుడ్డ తడిపి నుదుటి మీద వేసేది, తీసేది, మళ్ళీ తడిపేది. ముసలమ్మగారు దుర్గమ్మ కొండ వైపు తిరిగి దణ్ణాలు పెట్టుకునేది. కొడుకు లేస్తే కొండ మీద పొర్లుదండాలు పెడతానని, మెడలో ఉన్న గొలుసు అమ్మవారికి ఇస్తానని గట్టిగా, అందరికీ వినపడేలా మొక్కుకుంది.

చివరికి జ్వరం దిగింది. అసలు బాధ అప్పుడు మొదలైంది.

జ్వరం దిగిన మనిషికి ఆకలి పుట్టుకొచ్చింది. డాక్టరుగారు ముందే హెచ్చరించారు. లోపల పేగులు తడిసిన కాగితంలా ఉన్నాయి, నేను చెప్పిందాకా ఒక్క మెతుకు పడినా చిరిగిపోతాయి, చిరిగితే మనిషి దక్కడు, అన్నారు. ఆ మాట విన్నది ముగ్గురే, నమ్మింది ఆవిడొక్కతే. ఆయన మంచం మీద పడుకుని గోంగూర అనేవాడు, కందిపచ్చడి అనేవాడు, చారన్నం అనేవాడు. మా ఇంట్లోకి వినపడేది. మేము గోంగూర తినడం మానేశాం. ఏడ్చేవాడు కూడా. పెళ్ళాన్ని రాక్షసి అన్నాడు. నన్ను చంపి నా కొట్టు తీసుకుంటావా అన్నాడు. ఆవిడ బార్లీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడేది.

ఒకనాటి పగలు నేను బార్లీ డబ్బా ఇచ్చిపోదామని వెళ్ళాను. గుమ్మంలో ఉండగానే చూశాను. ముసలమ్మగారు వెండిగిన్నెలో అన్నం మెత్తగా కలిపి, చారు పోసి, నెయ్యి వేసి తెచ్చి మంచం పక్కన కూర్చుంది. ఆ తల్లిని నేనేమీ అనను. కన్నకొడుకు అన్నం అన్నం అని ఏడుస్తుంటే ఎన్నాళ్ళని చూస్తుంది? ముద్ద చేతిలోకి తీసుకుంది. ఆయన పక్షిపిల్లలా నోరు తెరిచాడు.

ఆవిడ వచ్చి అత్తగారి చేతిలోంచి గిన్నె తీసుకుంది. లాక్కోలేదు, తీసుకుంది. ముసలమ్మగారు, ఏమే, ఇటియ్యి అంటున్నా వినిపించుకోకుండా అక్కడే గచ్చు మీద చతికిలబడి, ఆ అన్నం తానే తినడం మొదలుపెట్టింది. ఆకలితో ఏడుస్తున్న మొగుడి కళ్ళ ముందు, ముద్ద తరవాత ముద్ద, గిన్నె ఖాళీ అయిందాకా తింది. అత్తగారి చేతిలో మిగిలిన ముద్దను కూడా వేళ్ళు విప్పి తీసుకుని తినేసింది. లేచి గిన్నె కడిగి బోర్లించింది.

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ముసలమ్మగారు వీధిలోకి వచ్చి కూర్చుని శోకాలు పెట్టింది. సాయంత్రానికల్లా మా వీధిలో మిగిలిన నాలుగు కొంపలకూ తెలిసింది, ఫలానా ఆవిడ మొగుడి నోటి ముందు కూడు లాక్కుని తిన్నదని. ఆ మాట నేను పుట్టించలేదు. నా సాయం లేకుండా అంత దూరం పోయిన మాట అదొక్కటే.

ఆయన బతికాడు. లేచి తిరిగాడు. జుట్టు మళ్ళీ వచ్చింది, అదీ ఉంగరాలు తిరిగి వచ్చింది. ముసలమ్మగారు మేళం పెట్టించి కొండెక్కి మొక్కు తీర్చుకుంది. చుట్టాలు ఎవరొచ్చినా ఒకటే కథ చెప్పేది. దుర్గమ్మ నా బిడ్డను నాకిచ్చింది అని ఒక చేత్తో కళ్ళొత్తుకునేది. మా కోడలు చూడండి, బార్లీ నీళ్ళు పోసి పోసి ఎండగట్టి, పెట్టబోయిన పిడికెడు కూడా తానే తినేసింది అని రెండో చెయ్యి తిప్పేది. కోడలు పక్కగదిలోనే ఉండేది. చుట్టాలకు మంచినీళ్ళు ఇచ్చేదీ ఆవిడే.

ఒకనాడు ఆ కథ అయ్యాక ఆయన మెల్లగా, "మరి దాని మొక్కేంటమ్మా?" అని అడిగాడట. "దానికి మొక్కులు కూడానా" అంది తల్లి. పెద్దవాళ్ళ ముందు మొగుడూ పెళ్ళాలు పలకరించుకోని ఇల్లు అది. తల్లికి ఎదురు చెప్పడం ఆయన పుట్టాక జరగలేదు. కానీ ఆ మాట ఆయన లోపల ముల్లులా దిగింది.

తరవాత భార్యను ఒంటరిగా అడిగాడు. ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆ నవ్వే కొంప ముంచింది. మొక్కు పైకి చెబితే ఫలించదంటారు కదా, అందుకే చెప్పడం లేదు, ఏదో పెద్దదే మొక్కుకుని ఉంటుంది అని ఆయన తీర్మానించుకున్నాడు. అది కనిపెట్టాలి, అందరి ఎదుటా తీర్చాలి, అమ్మ మొక్కు పక్కన ఆవిడ మొక్కు కూడా నిలబెట్టాలి. తను బతకడంలో ఆవిడ చెయ్యి ఉందని ఆ ఇంట్లో ఒక్కరైనా ఒప్పుకోవాలి. ఆయనకు కావలసింది ఇంతే. అది మాటల్లో చెప్పడం ఆయనకు చేతకాదు. కొబ్బరికాయ కొట్టి చెప్పడం చేతనవును.

అక్కణ్ణించి మొదలైంది. ఘంటసాలలో అభిషేకం. పెనుగంచిప్రోలులో అమ్మవారికి చీర. కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళంలో ముడుపు. ఉంగరాల జుట్టు వచ్చింది వచ్చినట్టే వేదాద్రిలో ఇచ్చేశాడు. గుణదలలో మేరీమాతకు కొవ్వొత్తులు వెలిగించాడు. అదేంటండీ అంటే, ఐసు ఫ్యాక్టరీకి పోయేటప్పుడు కొండ మీది శిలువ కనబడి దణ్ణం పెట్టుకుందేమో అన్నాడు. ఇబ్రహీంపట్నం దారిలో ఒక చెట్టు మొదట్లో పసుపు పూసిన రాయి ఉంటే బండి ఆపించి, ఏ అమ్మవారో తెలియకుండానే అరటిపళ్ళు పెట్టాడు. కృష్ణా జిల్లా దేవుళ్ళంతా ఈయన వస్తున్నాడని తెలిసి ముందే స్నానాలు చేసి కూర్చునేవారని నేను కొట్లో చెప్పేవాణ్ణి. ప్రతి గుళ్ళోనూ తీర్చడం అయిపోయాక పక్కకు తిరిగి భార్యను చూసేవాడట. ఇదేనా అన్నట్టు. ఆవిడ తల అడ్డంగా ఊపేది.

ఒకసారి నా దగ్గరికే వచ్చాడు. రంగుల పొట్లాలు కడుతున్నాను. ఎదురుగా కూర్చుని, "బావగారూ, మీరు నలుగురిలో తిరుగుతారు. ఆడవాళ్ళు మొగుళ్ళ కోసం మామూలుగా ఏమేం మొక్కుకుంటారండీ?" అన్నాడు.

తెలిసినవన్నీ చెప్పాను. అవన్నీ అయిపోయాయి అన్నాడు. అంత బీదమొహం పెట్టుకుని అడుగుతుంటే లేదని ఎలా పంపను? మంగళగిరి కొండ మెట్లు వెనక్కి నడిచి ఎక్కడం పాతకాలపు మొక్కండీ, ఇప్పుడు అందరూ మరిచిపోయారు అని చెప్పాను. అప్పటికప్పుడు పుట్టించింది. వీపు కొండ వైపు, మొహం లోకం వైపు పెట్టి ఎక్కాలి అని కాస్త వివరంగా కూడా చెప్పాను.

తీరా ఆయన వెళ్ళి ఎక్కాడు. ముసలమ్మగారు మోకాళ్ళు పట్టేసి కొండ కింద తెలిసినవాళ్ళ ఇంట్లో ఉండిపోయింది. ఈయన వెనక్కి ఒక్కొక్క మెట్టూ ఎక్కుతుంటే, ఆవిడ ఎదురుగా పైకి వస్తూ, ఎడమ కాలు, కాస్త పక్కకి, ఇక్కడ మెట్టు అరిగింది అని చెబుతూ ఉందట. పైన పానకం పోయించుకుని దిగి వచ్చారు.

మర్నాడు కొట్టుకు వచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను. కూర్చుని చాలాసేపు చేతిలోని కండువా మడత పెడుతూ ఉన్నాడు.

"ఎక్కినంతసేపూ ఆవిడ మొహమే కనబడిందండీ. ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉంది బావగారూ. ఇన్నేళ్ళయింది పెళ్ళయి. నాకు తెలీనే తెలీదు."

ఏం మచ్చటండీ అన్నాను.

"చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడిందట. అడిగితే చెప్పింది. సగం కొండ ఆ కథే అయింది." అని లేచి, గుమ్మం దగ్గర ఆగి, "ఇది కూడా కాదందండీ. కానీ చాలా మంచి మొక్కు" అన్నాడు.

ఆ తరవాత ఇంకో ఇద్దరు ముగ్గురు అలా వెనక్కి ఎక్కుతున్నారని మంగళగిరి నూలువాళ్ళు చెప్పారు. నేను పుట్టించిన వాటిలో కాస్త నిలిచింది అదొక్కటే.

ఇలా ఉండగా ముసలమ్మగారికి ఓపిక తగ్గింది. తను ఉండగానే దుర్గమ్మ పేరు మీద చుట్టాలందరికీ ఒక సంతర్పణ చెయ్యాలంది. కొడుకు బతికిన కథ ఆ రోజు నిండు పందిట్లో చెబుతుంది. రెండో చెయ్యి కూడా తిప్పుతుంది. ఆ తరవాత ఆ కథను మార్చేవాళ్ళు ఉండరు. ఆయనకు ఇది తెలుసు. మనిషి కంగారు పడిపోయాడు. సంతర్పణ లోపల ఆవిడ మొక్కు తెలిసితీరాలి, నాకైతే చెప్పదు, మీరు అన్నలాంటివారు, అడిగిపెట్టండి బావగారూ అని రెండు చేతులూ పట్టుకున్నాడు.

నాకూ తెలుసుకోవాలనే ఉంది. ఇన్నేళ్ళుగా ఈ మొక్కు మీద వీధిలో తిరుగుతున్న కథల్లో సగం నావే. అసలుది ఎంత పెద్దదై ఉంటుందో అని గుటకలు మింగుతున్నాను. మా ఆవిణ్ణి తోడు తీసుకుని వెళ్ళాను. ఎదురింటావిడ పెరటి గుమ్మంలో సంతర్పణ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మా ఆవిడ పక్కన కూర్చుని, "ఈయనకు చెబితే దండోరా వేసినట్టే వదినా, ఆలోచించుకుని చెప్పు" అని ముందే కాళ్ళు విరగ్గొట్టింది.

అడిగాను. ఆవిడ చాట ఆపలేదు.

"మొక్కుకోడానికి నాకు తీరికెక్కడిది అన్నయ్యగారూ. పొద్దున లేస్తే ఐసు, వచ్చేసరికి పక్కబట్టలు, బార్లీ, మళ్ళీ గుడ్డ తడపడం. దేవుడు గుర్తుకొచ్చేలోపు గుడ్డ ఆరిపోయేది. ఏమీ మొక్కుకోలేదు."

మరి అన్నిసార్లు అడిగితే ఆ మాటే ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను.

"మొదట్లో నవ్వొచ్చింది. తరవాత ఘంటసాల తీసుకెళ్ళారు. ఆ కాలవ మీద పడవలో పోతుంటే రెండు పక్కలా వరి చేలు. నేను ఎప్పుడు చూశానండీ అవన్నీ? మొక్కు లేదని చెబితే ఇంట్లో కూర్చోవాల్సిందేగా." అంటూ ఒక రాయి ఏరి అవతల పారేసింది.

మా ఆవిడ పకపకా నవ్వింది. నాకు మాత్రం ఇంకోటి అడగాలని ఉంది. చాలా ఏళ్ళుగా ఉంది. ఆ గిన్నెలో అన్నం ఎందుకు తిన్నావమ్మా అని అడిగాను. అప్పుడు చాట ఆగింది.

"పారబొయ్యడానికి చేతులు రాలేదు, అన్నం కదా. దాచిపెడితే నేను అటు తిరగ్గానే అత్తయ్యగారు పెట్టేస్తారు. ఎక్కడ పెట్టను? నా కడుపు కన్నా భద్రమైన చోటు కనబడలేదండీ."

తనే మళ్ళీ, "అంతమందీ అన్నది నిజమేలెండి. ఆకలిగానే ఉంది నాకు. అన్నాళ్ళూ నేను తిన్నానో లేదో నాకే గుర్తు లేదు. అందుకే ఆ మాట ఎవరితోనూ వాదించలేదు" అంది. మళ్ళీ చాట అందుకుంటూ, "ఆయనతో ఏం చెబుతారో మీ ఇష్టం. మీరెలాగూ ఉన్నది చెప్పరు" అంది.

దారి పొడుగునా, అంటే వాళ్ళ పెరట్లోంచి వీధి అరుగు దాకా, ఒక మంచి మొక్కు అల్లుకుంటూ వచ్చాను. హంసలదీవిలో సముద్రం, తామరపూలు, ఏవేవో ఉన్నాయి అందులో. ఆయన అరుగు మీద కూర్చుని నా మొహంలోకి చూశాడు. నేను అల్లింది నోట్లోకి రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. మొక్కు లేదు, తీరిక లేదు, అన్నం తినడం తప్ప వేరే దారి లేదు.

ఆయన చాలాసేపు నన్ను అనుమానంగా చూశాడు.

"మీ నోట ఇంత చిన్న కథ ఎప్పుడూ వినలేదు బావగారూ" అన్నాడు. ఇంకాసేపటికి, "ఇంత చిన్నదంటే నిజమే అయ్యుంటుంది" అన్నాడు.

కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఐసు ఫ్యాక్టరీ ఇక్కడికి ఎంత దూరం ఉంటుందండీ అని అడిగాడు. తెలియక కాదు. చెప్పాను. అంత దూరమా అన్నాడు. లేచేటప్పుడు మాత్రం చెవి దగ్గరికి వచ్చి, "ఇది అమ్మతో అనకండి. మీ చెల్లెలికి ఇంకా హంసలదీవి చూపించలేదు" అన్నాడు. ఆ తరవాత కూడా వాళ్ళ తిరుగుడు ఆగలేదు. మోపిదేవి పూజారిగారిని ఏటేటా మొక్కేంటని అడగడం అందులో భాగమే. పక్కన ఆవిడ నవ్వు ఆపుకుంటూ నిలబడేదట. పూజారిగారు అది భక్తి అనుకున్నారు.

సంతర్పణ రోజు వచ్చింది. పెరడంతా పందిరి. చుట్టాలు బందరు నుంచి, ఉయ్యూరు నుంచి, మంగళగిరి నుంచి దిగారు. వడ్డన ముందు ముసలమ్మగారు పందిరి గుంజకు ఆనుకుని కథ చెప్పింది. దుర్గమ్మను చెప్పింది, పొర్లుదండాలు చెప్పింది. గిన్నె దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తిప్పింది. అంతా అయ్యో అన్నారు. కోడలు పప్పు గంగాళం పట్టుకుని వరస చివర నిలబడి ఉంది. తల దించుకోలేదు, ఎత్తలేదు. ఎవరి విస్తట్లో పప్పు పడలేదో చూస్తోంది.

ఆయుష్షు పోసుకున్నవాడు కాబట్టి ఆయన్ని మొదటి వరసలో మొదటి విస్తరి ముందు కూర్చోబెట్టారు. ఆయన ముట్టుకున్నాకే అందరూ ముట్టుకోవాలని తల్లే అంది. నేను ఆయన పక్కన ఉన్నాను. అన్నం పడింది, పప్పు పడింది, కూరలు పడ్డాయి. ముసలమ్మగారు నేతిగిన్నె చేత్తో పట్టుకుని, కానివ్వరా అంది.

ఆయన చెయ్యి ఒళ్ళోనే ఉంది. కదలలేదు. అందరూ ఆయన వైపు చూస్తున్నారు. ఆయన మెడ ఎత్తి, వరస చివరికంటా చూసి, "ఇదిగో, నిన్నే" అన్నాడు. ఆ ఇంట్లో పెద్దవాళ్ళ ముందు ఆయన పెళ్ళాన్ని పిలవడం అదే మొదలు.

"ఆనాడు వద్దన్నావు, బతికాను. ఇవాళ తిననా?"

నా చేతిలో ఆగలేక ముందే కలిపిన ముద్ద ఉంది, దాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు. ముసలమ్మగారు కొడుకును చూసింది, కోడలిని చూసింది. ఆవిడ గంగాళం కింద పెట్టింది. వరస పొడుగునా నడిచి వచ్చి ఆయన విస్తరి వంక చూసింది.

"ఆగండి. నెయ్యి పడలేదు."

నెయ్యి అత్తగారి చేతిలో ఉంది. ఆ ఇంట్లో నెయ్యి వడ్డించే హక్కు అత్తగారిదే, ఇంకొకరు ముట్టుకునేవారు కాదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. పెద్దావిడ కళ్ళు ఎర్రబడ్డాయి. చివరికి చెయ్యి చాపి నేతిగిన్నె కోడలి ముందు పెట్టింది.

"పొయ్యవే. నువ్వు చెబితే గానీ తినడంట."

ఆవిడ గిన్నె అందుకుని, వంగి, ఆయన అన్నం మీద నెయ్యి పోసింది. ఇంకాస్త పోసింది.

"ఇక తినండి" అంది.

ఆయనతో పాటు మేమందరం తిన్నాం.